కీ-వాల్యూ డేటాబేస్ మీద సొంత ఓఆర్ఎమ్ కట్టుకోవడం: రొయ్యల చెరువుల రీడింగులతో మొదటి నుంచి చివరి దాకా

17వ నంబరు చెరువు పేజీ తెరిస్తే ఆక్సిజన్ 3.1 అని కనిపిస్తోంది. అలారం లిస్టు తెరిస్తే అందులో 17వ చెరువే లేదు. తెల్లవారుజామున ఫోన్ చేసిన రైతు అడిగింది ఒకటే మాట: "ఏంది అబ్బాయా, ఈ పేజీలో ఉంది, ఆ పేజీలో లేదు. దేన్ని నమ్మాలి నేను?"

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులకి నేను రాసిన సాఫ్ట్‌వేర్ అది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి, తెల్లారే ముందు అన్నిటికంటే కిందికి దిగుతుంది. 4 పీపీఎం కంటే తగ్గిందంటే ఏరియేటర్లన్నీ (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేసెయ్యాలి. ఆ రోజు ఆయన చెరువు పేజీ కూడా చూశారు కాబట్టి సరిపోయింది. అలారం లిస్టునే నమ్ముకుని పడుకుని ఉంటే కల్చర్ (ఆ విడత వేసిన రొయ్యలు) మొత్తం పోయేది.

తప్పు నాదే. రీడింగ్‌ని ఒక కీ కింద రాసి, అలారం ఇండెక్స్‌ని (అలారం ఉన్న చెరువులని త్వరగా వెతకడానికి పెట్టుకునే లిస్టు) ఇంకో కీ కింద విడిగా రాశాను. ఆ రెంటి మధ్య షెడ్డులో కరెంటు పోయింది. పోస్ట్‌గ్రెస్ లాంటి ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అయితే ఇండెక్స్ సంగతి డేటాబేసే చూసుకునేది. కీ-వాల్యూ డేటాబేస్‌కి ఇండెక్స్ అంటే ఏంటో తెలియదు. ఇచ్చిన కీ కింద ఇచ్చిన బైట్లు దాస్తుంది, అడిగితే తిరిగి ఇస్తుంది, అంతే. టేబుల్, కాలమ్, ఇండెక్స్, ఫారిన్ కీ అని మనం రోజూ అనే మాటలన్నీ మనమే దాని మీద కట్టుకోవాలి. ఎక్కడెక్కడ ఏం కట్టాలి, ఎక్కడ కూలిపోతుంది అన్నది నాకు తెలిసినంత వరకూ వరసగా చెప్తాను. డేటాబేస్ వరుసల్ని ప్రోగ్రామ్‌లో ఆబ్జెక్టులుగా మార్చి ఇచ్చేదే ఓఆర్ఎమ్; జాంగో, ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ, హైబర్నేట్ లాంటి వాటిలో ఏదో ఒకటి వాడిన అలవాటు మీకు ఉందనుకుని రాస్తున్నాను. నేను వాడింది పైథాన్ భాష, ఎల్ఎండీబీ అనే కీ-వాల్యూ డేటాబేస్. వేరే భాషలోనైనా దారి ఇదే.

మొదలుపెట్టే ముందు: అసలు అవసరమా?

40 చెరువులు, 5 నిమిషాలకి ఒక రీడింగ్ అనుకుందాం. చెరువుకి రోజుకి 288. అన్నీ కలిపి రోజుకి 11,520. 120 రోజుల కల్చర్‌కి 13,82,400. ఈ మాత్రం వరుసలు ఎస్‌క్యూలైట్ లాంటి చిన్న ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి కూడా ఒక లెక్క కాదు. కాబట్టి "డేటా ఎక్కువైంది, కీ-వాల్యూకి పోదాం" అని ఎవరైనా అంటే ముందు ఈ గుణకారం చేయించండి.

మాకు నొప్పి వేరే చోట ఉంది. షెడ్డులో పెట్టింది చిన్న కంప్యూటర్. డ్యాష్‌బోర్డ్ పేజీ కొన్ని సెకన్లకోసారి అవే రెండు మూడు ప్రశ్నలు అడుగుతుంది. ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపే సాధనం) పెట్టి చూస్తే ఎక్కువ సమయం డిస్క్ దగ్గర పోవడం లేదు. ఓఆర్ఎమ్ ఎస్‌క్యూఎల్ వాక్యం తయారు చేయడం, డేటాబేస్ దాన్ని చదివి ప్లాన్ వేయడం, వచ్చిన వరుసల్ని మళ్లీ ఆబ్జెక్టులుగా మార్చడం, వీటి దగ్గరే పోతోంది. ఇందులో మొదటి రెండూ కీ-వాల్యూతో పోతాయి. మూడోది పోదు. మీ ప్రొఫైలర్ ఆబ్జెక్టుల తయారీనే ఎర్రగా చూపిస్తుంటే డేటాబేస్ మార్చి లాభం లేదు, అనవసరమైన ఆబ్జెక్టులు తయారు చేయడం మానేయాలి.

ఉన్న మూడు దార్లు

జాంగో అయినా, ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ అయినా లోపల జరిగేది ఒకటే. మనం రాసిన ఫిల్టర్లు, ఆర్డర్లు ఒక కంపైలర్ గుండా పోయి ఎస్‌క్యూఎల్ వాక్యంగా బయటికొస్తాయి. ఆ వాక్యాన్ని అర్థం చేసుకునేవాడు అవతల లేకపోతే ఓఆర్ఎమ్ నడవదు. ఎల్ఎండీబీకి ఎస్‌క్యూఎల్ రాదు. అందుకే "ఓఆర్ఎమ్ సెట్టింగుల్లో డేటాబేస్ పేరు మారిస్తే చాలు" అనే మార్గం లేదు.

మొదటి దారి, ఎస్‌క్యూఎల్ తెలిసిన సర్వర్ కింద కీ-వాల్యూ ఇంజిన్ పెట్టడం. మైఎస్‌క్యూఎల్ కింద రాక్స్‌డీబీని పెట్టిందే మైరాక్స్. టైడీబీ కూడా బయటికి మైఎస్‌క్యూఎల్ లాగే మాట్లాడుతుంది, లోపల మాత్రం టేబుల్ నంబరు, వరుస నంబరు కలిపి ఒక కీ చేసి కీ-వాల్యూలో దాస్తుంది. మీ ఓఆర్ఎమ్ కోడ్ దాదాపు కదలదు. పెద్ద సర్వర్లు ఉన్నవాళ్లకి ఇదే మంచి దారి.

రెండో దారి, పాత డేటాబేస్‌ని అట్లాగే ఉంచి ముందు రెడిస్ అనే కీ-వాల్యూ సర్వర్‌ని క్యాష్‌గా (తరచూ అడిగేవాటి కాపీ దగ్గర పెట్టుకునే చోటుగా) పెట్టడం. ఇది స్టోరేజ్ కింద రాదు. క్యాష్‌లో పాతది మిగిలిపోతే ఏం చేయాలన్నది విడిగా ఒక పెద్ద తలనొప్పి.

మూడోది, మనకి కావలసినంత మేరకే ఒక చిన్న మ్యాపర్, అంటే సొంత ఓఆర్ఎమ్, రాసుకుని, దాని కింద కీ-వాల్యూ పెట్టడం. ఇక్కడి నుంచి చెప్పేదంతా దీని గురించే.

ఇంజిన్ ఎంచుకోవడం

రెడిస్‌ని 2009లో సాల్వతోరె సాన్‌ఫిలిప్పో మొదలుపెట్టారు. డేటా అంతా ర్యామ్‌లో ఉంటుంది, విడి సర్వర్‌గా నడుస్తుంది. రాసిన ప్రతిదాన్నీ ఒక ఫైల్‌కి ఎక్కించే పద్ధతి ఉంది కానీ, అందులో ఎక్కువమంది వాడే సెట్టింగ్ సెకనుకోసారి డిస్క్‌కి పంపుతుంది. అంటే కరెంటు పోతే దాదాపు చివరి సెకను రాతలు పోవచ్చు. ప్రతి రాతకీ పంపమని చెప్పొచ్చు, అప్పుడు వేగం తగ్గుతుంది.

రాక్స్‌డీబీ ఫేస్‌బుక్‌లో పుట్టింది, గూగుల్ వాళ్ల లెవెల్‌డీబీ దానికి మూలం. రాతల్ని ముందు లాగ్‌లోనూ మెమరీలోనూ పెట్టుకుని, తర్వాత వరసలో ఉన్న ఫైళ్లుగా డిస్క్‌కి దించి, వెనక నుంచి ఆ ఫైళ్లని కలుపుతూ ఉంటుంది. రాతలు కుప్పలుగా వచ్చే చోట దీనికి తిరుగులేదు. సెట్టింగులు మాత్రం చాలా ఎక్కువ. ఒక్క విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోండి: మామూలుగా రాసే రాత ప్రోగ్రామ్ చచ్చిపోయినా నిలుస్తుంది. కరెంటు పోయినా నిలవాలంటే సింక్ ఆప్షన్ (ప్రతి రాతనీ వెంటనే డిస్క్‌కి ఎక్కించేది) మీరే ఆన్ చేయాలి.

ఎల్ఎండీబీ ఓపెన్ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్ కోసం హోవర్డ్ చూ రాసినది. మన ప్రోగ్రామ్ లోపలే నడుస్తుంది, విడిగా సర్వర్ ఉండదు. ఫైల్‌ని మెమరీలోకి మ్యాప్ చేసుకుని అక్కడి నుంచే చదువుతుంది. పాత పేజీ మీద రాయదు, కొత్త పేజీలో రాసి చివర్లో వెతకడం ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే పేజీని మాత్రం మార్చి చూపిస్తుంది. అందుకే మధ్యలో కరెంటు పోతే పాత స్థితి చెక్కుచెదరకుండా ఉంటుంది, రిపేర్ చేసే పని లేదు. చదివేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు, రాసేవాళ్లు ఒక్కసారికి ఒక్కరే.

కరెంటు నమ్మలేని షెడ్డు, నిమిషాల తేడాతో వచ్చే రాతలు, ఎడతెగని చదువులు. మా పరిస్థితికి ఎల్ఎండీబీ సరిగ్గా కుదిరింది. దాన్ని తెరిచేటప్పుడు మ్యాప్ సైజు ఇవ్వాలి. ఇవ్వకపోతే 10 ఎంబీ దగ్గర ఆగిపోయి, ఒక రోజు ఉన్నట్టుండి రాయనంటుంది. 64 బిట్ సిస్టమ్ అయితే 1 జీబీ, 4 జీబీ ఇచ్చినా అంత ర్యామ్ ఏమీ తినదు, అడ్రసు చోటు మాత్రమే పడుతుంది. చిన్న బోర్డుల మీద 32 బిట్ సిస్టమ్ వేసి ఉంటే అంత చోటు దొరకదు, ముందే చూసుకోండి.

మొదటి మెట్టు: ప్రశ్నలు కాగితం మీద రాయడం

ఓఆర్ఎమ్ అలవాటులో మనం ముందు మోడల్స్ రాస్తాం, ప్రశ్నలు తర్వాత ఎట్లాగైనా అడగొచ్చులే అనుకుంటాం. ఇక్కడ అది కుదరదు. ముందుగా అనుకున్న ప్రశ్నకే కీ-వాల్యూ వేగంగా జవాబు చెప్తుంది. అనుకోని ప్రశ్న అడిగితే మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదవాల్సిందే.

షెడ్డులో కూర్చుని రైతులు, సూపర్‌వైజర్లు ఆ స్క్రీన్ మీద ఏం చూస్తారో గమనించి నేను రాసుకున్నవి ఇవి: ఈ చెరువు వివరాలు ఏంటి? ఈ చెరువు చివరి రీడింగ్ ఎంత? నిన్న సాయంత్రం నుంచి ఇప్పటి దాకా ఈ చెరువు ఎట్లా ఉంది? ఇప్పుడు ఏ ఏ చెరువుల్లో అలారం ఉంది? ఈ రైతు చెరువులు ఏవి? ఇంతే, ఐదు. మేత డీలర్ బాకీలు, కౌంట్‌ని (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) బట్టి ధర, పట్టుబడి (రొయ్యలు పట్టడం) లెక్కలు ఇందులోకి తేలేదు. వాటిని రోజుకో రకంగా అడుగుతారు. అవన్నీ పోస్ట్‌గ్రెస్‌లోనే ఉన్నాయి, ఉండాలి కూడా.

రెండో మెట్టు: కీ కట్టడం

ఇక్కడ తొందరపడకండి, తర్వాత మార్చడం అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఈ డేటాబేస్‌లు కీలని బైట్ల వరసలో పేర్చి ఉంచుతాయి. పక్కపక్కన కావలసినవి పక్కపక్కన పడేట్టు కీ కట్టడమే మన పని. మేము పెట్టుకున్న వరస ఇది:

చెరువు | 17 → చెరువు వివరాలు
రీడింగ్ | 17 | సమయం → ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం, ఉష్ణోగ్రత
అలారం | సమయం | 17 → ఖాళీ
రైతు-చెరువు | రైతు నంబరు | 17 → ఖాళీ

రకానికి 1 బైట్, చెరువు నంబరుకి 4, సమయానికి 8. రీడింగ్ కీ మొత్తం 13 బైట్లు. ఎల్ఎండీబీలో కీ మామూలుగా 511 బైట్లు దాటకూడదు, కాబట్టి మనం చాలా దూరంలో ఉన్నాం. రకం పేరుని తెలుగు అక్షరాల్లోనే కీలో రాస్తే పనిచేస్తుంది కానీ, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు పడతాయి. అందుకే లోపల ఒక అంకె పెట్టి, పేరుని కోడ్‌లో ఉంచుకున్నాను.

నంబర్లని టెక్స్ట్‌గా రాయకండి. రాస్తే చెరువులు 1, 10, 11, 17, 2, 3 అని నిలబడతాయి. బైట్ల సంఖ్య ముందే ఖాయం చేసి, పెద్ద విలువ ఉన్న బైట్ ముందు వచ్చేట్టు రాయాలి. అప్పుడు బైట్ల వరస, అంకెల వరస ఒకటవుతాయి. మైనస్ అంకెలు వచ్చే చోట సైన్ బిట్‌ని (ప్లస్సో మైనస్సో చెప్పే బిట్) తిప్పి రాయాలి. దశాంశాలని కీలో పెట్టాల్సి వస్తే నూరుతో గుణించి పూర్ణాంకం చేసుకోండి: 3.1 అంటే 310. సమయాన్ని యూటీసీలో, మిల్లీసెకన్లలో పెట్టండి.

ఇప్పుడు "17వ చెరువు చివరి రీడింగ్" తీసే పద్ధతి దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అందరూ ఇక్కడే జారతారు. కర్సర్‌ని (కీల వరసలో ముందుకీ వెనక్కీ నడిచే గుర్తు) 18వ చెరువు రీడింగులు మొదలయ్యే కీ దగ్గరికి పంపి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. చదవడానికి తేలిగ్గా ఉంది. కానీ 17 తర్వాత అసలు ఏ కీ లేకపోతే కర్సర్ ఎక్కడా ఆగదు, అప్పుడు నేరుగా చివరి కీకి పంపాలి. 17వ చెరువులో ఇంకా రీడింగే రాకపోతే ఒక అడుగు వెనక్కి వేయగానే 16వ చెరువు మీద పడతాం, దాని ఆక్సిజన్‌ని 17దిగా చూపిస్తాం. కాబట్టి వెనక్కి వేశాక కీలో మొదటి 5 బైట్లు మనవేనా అని చూసి తీరాలి. ఈ మూడు సందర్భాలకీ మూడు టెస్టులు రాయకుండా ముందుకి పోవద్దు.

తెలుగు పేర్లు కీలోకి వస్తే

రైతు పేరుతో వెతకడానికి ఇండెక్స్ కడితే మన లిపితో వచ్చే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్ పేర్లతో రాసిన పాఠాల్లో ఇవి కనపడవు.

"సైదాపురం"లో ఉన్న ఐత్వం యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రావొచ్చు, ఎత్వం ప్లస్ కింది గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రావొచ్చు. కంటికి రెండూ ఒకటే. బైట్లలో ఒకటి 3, ఇంకోటి 6. ఒక ఫోన్ నుంచి ఎక్కించిన పేరు ఇంకో ఫోన్ నుంచి వెతికితే దొరకదు. కీ కట్టే ముందు ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో నార్మలైజ్ చేయండి, రెండూ ఒకటవుతాయి.

"రాజ్‌కుమార్" అని టైప్ చేసేటప్పుడు జకారం పొల్లుకీ కకారానికీ మధ్య కంటికి కనపడని ఒక కోడ్ ఉంటుంది, అవి ఒత్తుగా కలవకుండా ఆపేది అదే. కొందరు దాన్ని టైప్ చేస్తారు, కొందరు చేయరు. చూపించే పేరులో అది ఉండనివ్వండి, కీ కట్టేటప్పుడు మాత్రం తీసేయండి.

వరస కూడా పూర్తిగా వర్ణమాల వరస కాదు. యూనికోడ్‌లో ళ అనేది ల పక్కనే ఉంది, మన వర్ణమాలలో హ తర్వాత వస్తుంది. అందుకే బైట్ల వరసలో "కాళహస్తి" ముందు, "కావలి" తర్వాత వస్తాయి. లిస్టు చిన్నదైతే చదివాక ప్రోగ్రామ్‌లో సర్దుకోండి.

మూడో మెట్టు: విలువ రాయడం

వాల్యూలో మొదటి బైట్ వెర్షన్ నంబరు. మిగతాది రాసే పద్ధతి మెసేజ్‌ప్యాక్ అయినా, ప్రోటోకాల్ బఫర్స్ అయినా, జేసన్ అయినా మీ ఇష్టం. రేపు రీడింగ్‌లో అమ్మోనియా చేర్చాలంటే 13 లక్షల వరుసల్ని ఒకేసారి మార్చాల్సిన పని ఉండదు. చదివేటప్పుడు వెర్షన్ 1 కనిపిస్తే అమ్మోనియా ఖాళీగా పెట్టి ఆబ్జెక్ట్ ఇవ్వాలి, తిరిగి రాసేటప్పుడు వెర్షన్ 2గా రాయాలి. పైథాన్‌తో వచ్చే పికిల్ పద్ధతి వాడొద్దు. క్లాస్ పేరు మారిస్తే పాత డేటా తెరుచుకోదు.

నాలుగో మెట్టు: వరుస, ఇండెక్స్ ఒకే ట్రాన్సాక్షన్‌లో

నన్ను ఆ తెల్లవారుజామున నిలదీసింది ఈ మెట్టే. సేవ్ అనే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. వరుసని గానీ ఇండెక్స్‌ని గానీ ముట్టుకునే హక్కు దానికి తప్ప ఇంకెవరికీ ఉండకూడదు. అది చేసే పని ఇట్లా ఉంటుంది.

రైట్ ట్రాన్సాక్షన్ తెరుస్తుంది. అదే కీ కింద పాత వరుస ఉందేమో ఆ ట్రాన్సాక్షన్ లోపలి నుంచే చదువుతుంది. పాత వరుసకి ఏ ఏ ఇండెక్స్ కీలు ఉండాలో లెక్కగడుతుంది, కొత్త వరుసకి ఏవి ఉండాలో లెక్కగడుతుంది. పాతవాటిలో ఉండి కొత్తవాటిలో లేనివి తీసేస్తుంది, కొత్తగా వచ్చినవి రాస్తుంది, చివర్లో వరుసని రాసి కమిట్ చేస్తుంది. కమిట్ అయితే అన్నీ ఉంటాయి, కాకపోతే ఏదీ ఉండదు. రాక్స్‌డీబీలో అన్నీ లేదా ఏదీ కాదు అనే ఈ హామీని రైట్ బ్యాచ్ ఇస్తుంది. రెడిస్‌లో వాచ్, మల్టీ, ఎగ్జెక్ అనే మూడు కమాండ్లతో చేస్తారు.

పాత వరుసని మెమరీలో ఉన్న ఆబ్జెక్ట్ నుంచి తీసుకోకూడదు. మీరు పేజీ తెరిచిన తర్వాత ఇంకొకరు దాన్ని మార్చి ఉండొచ్చు. అప్పుడు తప్పు ఇండెక్స్ కీని తీసేసి, అసలైనదాన్ని వదిలేస్తాం. అలారం తగ్గిపోయినా లిస్టులో అట్లాగే వేలాడుతూ ఉంటుంది. రెండు మూడు సార్లు ఉత్త అలారం చూస్తే రైతు నాలుగోసారి పట్టించుకోడు, ఆ నాలుగోది నిజమైనదైతే నష్టం ఆయనది.

అలారం ఇండెక్స్ అన్ని రీడింగులకీ కట్టలేదని గమనించండి. ఆ రోజు చూడాల్సినవే అందులో ఉంటాయి, తీరిపోగానే ఆ కీని తీసేస్తాం. అందుకే అలారం పేజీ తెరిస్తే చదవాల్సింది పది పదిహేను కీలే.

ఒకే విలువ రెండుసార్లు రాకూడదు అంటే, ఉదాహరణకి ఒకే సెన్సార్ నంబరు రెండు చెరువులకి ఉండకూడదు అంటే, ఆ ఇండెక్స్ కీలో సెన్సార్ నంబరు మాత్రమే పెట్టి, వాల్యూలో చెరువు నంబరు పెట్టండి. రాసే ముందు ఆ కీ ఉందా అని అదే ట్రాన్సాక్షన్‌లో చూడాలి. ఉంటే ఎర్రర్ ఇవ్వాలి.

రైట్ ట్రాన్సాక్షన్ లోపల ఎస్ఎంఎస్ పంపడం, బయటి సర్వర్‌ని పిలవడం లాంటివి పెట్టొద్దు. ఎల్ఎండీబీలో రాసేది ఒక్కరే కాబట్టి, నెట్‌వర్క్ నత్తనడక నడిచినంతసేపూ మిగతా చెరువుల రీడింగులన్నీ గుమ్మంలో నిలబడతాయి.

ఐదో మెట్టు: సెషన్

ఓఆర్ఎమ్ అనిపించుకోవడానికి ఇంకో రెండు కావాలి. ఒకటి, ఒకే రిక్వెస్ట్‌లో 17వ చెరువుని ఎన్నిసార్లు అడిగినా అదే ఆబ్జెక్ట్ రావాలి. కీ నుంచి ఆబ్జెక్ట్‌కి ఒక డిక్షనరీ చాలు. రిక్వెస్ట్ అయిపోగానే దాన్ని పారేయాలి. రెండు, మారిన ఆబ్జెక్టుల్ని కూడబెట్టి చివర్లో ఒకే ట్రాన్సాక్షన్‌లో సేవ్‌కి పంపాలి.

సూపర్‌వైజర్ ఫారం తెరిచి టీ తాగి వచ్చి పది నిమిషాలకి సేవ్ నొక్కుతాడు. ఈలోపు రైతు తన ఫోన్ నుంచి అదే చెరువుని మార్చి ఉంటే ఆ మార్పు పోతుంది. ప్రతి వరుసలో ఒక మార్పు నంబరు పెట్టండి. ఫారంతో పాటు పోయి తిరిగొచ్చిన నంబరు, ట్రాన్సాక్షన్ లోపల చదివిన నంబరు ఒకటి కాకపోతే సేవ్ చేయకుండా "మధ్యలో మారింది, మళ్లీ చూడండి" అని చెప్పాలి.

చదివే ట్రాన్సాక్షన్లని ఎక్కువసేపు తెరిచి ఉంచొద్దు. అది తెరిచి ఉన్నంతసేపూ దానికి కనిపించే పాత పేజీలని ఎల్ఎండీబీ తిరిగి వాడుకోలేదు, ఫైల్ పెరుగుతూ పోతుంది. మధ్యలో చచ్చిపోయిన ప్రోగ్రాముల రీడర్లు కూడా అట్లాగే మిగిలిపోతాయి, ప్రోగ్రామ్ మొదలైనప్పుడు రీడర్ చెక్ నడపండి. ఒకే ప్రోగ్రామ్‌లో ఒకే ఫైల్‌ని రెండుసార్లు తెరవకండి. వెబ్ సర్వర్ ఫోర్క్ అయ్యేదైతే (నడుస్తూ తన కాపీలు పుట్టించేదైతే) ఫోర్క్ అయ్యాకే తెరవండి. నెట్‌వర్క్ డ్రైవ్ మీద అసలు పెట్టొద్దు.

ఆరో మెట్టు: సంబంధాలు

రైతు నుంచి చెరువులకి పోవాలంటే రైతు-చెరువు ఇండెక్స్‌లో ఆ రైతు నంబరుతో మొదలయ్యే కీలన్నీ చదివి, ఒక్కో చెరువుని తెచ్చుకోవాలి. ఎస్‌క్యూఎల్ ప్రపంచంలో ఇదే ఎన్ ప్లస్ వన్ అని అందరూ తిట్టే పద్ధతి. ఎల్ఎండీబీలో భయం లేదు. ప్రతి చదువూ మన ప్రోగ్రామ్ మెమరీలోనే జరుగుతుంది, నెట్‌వర్క్ దాటదు. అదే కోడ్‌ని రెడిస్ మీద పెడితే 40 చెరువులకి 40 సార్లు సర్వర్ దాకా పోయి రావాలి. అక్కడ పైప్‌లైన్ గానీ, అన్ని కీలనీ ఒకేసారి అడిగే ఎంగెట్ గానీ వాడి తీరాలి. ఇంజిన్ మార్చినా పైన కోడ్ మారదని చెప్పేవాళ్లని ఈ ఒక్క చోట నమ్మకండి.

రైతుని తీసేస్తే ఆయన చెరువులు ఏమవ్వాలో కూడా మీరే రాయాలి. మేము తీసేయం, "నడవడం లేదు" అని గుర్తు పెడతాం.

లెక్కపెట్టడం కూడా ఉచితంగా రాదు. డేటాబేస్ మొత్తంలో ఎన్ని కీలు ఉన్నాయో ఎల్ఎండీబీ చెప్తుంది, 17వ చెరువుకి ఎన్ని రీడింగులు ఉన్నాయో చెప్పదు. తరచుగా కావాలంటే ఒక లెక్క కీ పెట్టుకుని సేవ్‌లోనే దాన్ని పెంచుతూ రావాలి.

ఏడో మెట్టు: రెండు డేటాబేస్‌లు కలిసే చోటు

పట్టుబడి అయిన రోజు రెండు చోట్ల రాయాలి: పోస్ట్‌గ్రెస్‌లో బరువు, కౌంట్, ధర, ఎల్ఎండీబీలో చెరువు స్థితి. ఈ రెంటికీ ఉమ్మడి ట్రాన్సాక్షన్ లేదు. మేము డబ్బు లెక్క ముందు రాస్తాం, అదే పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షన్‌లో "ఎల్ఎండీబీలో ఈ మార్పు చేయాలి" అని ఒక వరుస కూడా రాస్తాం. వేరే ప్రోగ్రామ్ ఆ వరుసలు చదివి మార్పు చేసి, అయిపోయిందని గుర్తు పెడుతుంది. అదే మార్పు రెండుసార్లు జరిగినా ఫలితం ఒకటే ఉండేట్టు రాయాలి.

ఎనిమిదో మెట్టు: బ్యాకప్, సరిచూడటం

ఫైల్‌ని మామూలుగా కాపీ చేయకండి. రాత జరుగుతుండగా తీసిన కాపీ సగం పాతది, సగం కొత్తది అవుతుంది. ఎల్ఎండీబీతో పాటు వచ్చే కాపీ ప్రోగ్రామ్ నడుస్తున్న డేటాబేస్ నుంచే సరైన కాపీ తీస్తుంది, అడిగితే ఖాళీ పేజీలు తీసేసి కుదించి ఇస్తుంది.

రోజుకోసారి సరిచూసే ప్రోగ్రామ్ ఒకటి నడపండి. ప్రతి వరుసకీ ఉండాల్సిన ఇండెక్స్ కీలు ఉన్నాయా, ప్రతి ఇండెక్స్ కీకీ వెనక వరుస ఉందా అని రెండు వైపుల నుంచీ చూడాలి. ఒక వైపు చూసి వదిలేస్తే మిగిలిపోయిన ఉత్త అలారాలు దొరకవు. తేడా ఉంటే దానంతట అదే సరిదిద్దనివ్వకండి. ముందు మీకు మెసేజ్ రావాలి. తేడా వచ్చిందంటే సేవ్‌ని దాటి ఎవరో రాశారని అర్థం, ఆ కోడ్ దొరకాలి.

చివరి మెట్టు: ప్లగ్ పీకడం

ఇన్ని చేశాక కూడా కరెంటు పోతే ఏమవుతుందో పీకి చూస్తేనే తెలుస్తుంది. ఒక చిన్న ప్రోగ్రామ్ 1, 2, 3 అని వరసగా రాస్తూ పోతుంది, ఒక్కో నంబరుకి ఒక్కో కమిట్. కమిట్ అయ్యాకే ఆ నంబరుని నెట్‌వర్క్ మీద పక్కనున్న లాప్‌టాప్‌కి పంపుతుంది. మధ్యలో ప్లగ్ పీకేస్తాం. మళ్లీ ఆన్ చేసి, లాప్‌టాప్‌కి చేరిన చివరి నంబరు డేటాబేస్‌లో ఉందా అని చూస్తాం. డేటాబేస్‌లో ఒకటి ఎక్కువ ఉండొచ్చు, కమిట్ అయ్యి కబురు పంపేలోపు కరెంటు పోయి ఉంటుంది. ఒక్కటి తక్కువ ఉన్నా ఒప్పుకోకూడదు.

మొదటిసారి షెడ్డులో చేసినప్పుడు తక్కువే వచ్చింది. లాప్‌టాప్‌లో చివరి నంబరు 412, డేటాబేస్‌లో 397. కోడ్ అంతా రెండుసార్లు చదివాను, సింక్ ఆన్‌లోనే ఉంది. తప్పు మెమరీ కార్డుది. "రాసేశాను" అని జవాబు చెప్పి, నిజానికి తన లోపలి బఫర్‌లోనే పెట్టుకుంటోంది. అట్లాంటి కార్డు ఉంటే పైన ఎంత మంచి డేటాబేస్ ఉన్నా లాభం లేదు. కార్డు తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టి మళ్లీ పీకాం. సాయంత్రం దాకా పాతిక సార్లు పీకాం. ప్రతిసారీ రెండు నంబర్లూ సమానం, లేదా డేటాబేస్‌లో ఒకటి ఎక్కువ. ఆ రాత్రే 17వ చెరువు రీడింగులని ఈ కొత్త ఏర్పాటుకి మార్చాం, మిగతా చెరువులవి ఆ వారంలో ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోయాం.